హైమావతి తీసేసిన టిక్కు

కంప్యూటరు తెలిసిన తెలుగువాళ్ళని సింగపూరు రమ్మని పిలుస్తున్న రెండువేల సంవత్సరం. కాకినాడ హైమావతి జురాంగ్ ఈస్ట్‌లో ఒక చిన్న కంపెనీలో చేరింది. చిన్న ఆఫీసులకి మెయిల్ సర్వరు సాఫ్ట్‌వేరు అమ్మే కంపెనీ అది. హైమావతి సీడీలు సంచిలో వేసుకుని, రైలెక్కి, ఒక్కో ఆఫీసుకీ వెళ్ళి దాన్ని ఎక్కించి వచ్చేది. ఊళ్ళో ఇంజనీరని గొప్పగా చెప్పుకునేవారు గానీ, పని చూస్తే ఇంటింటికీ ఫ్యాన్లు బిగించే పనిలాంటిదే.

ఎక్కించేటప్పుడు ఒకచోట చిన్న గడి వచ్చేది, వాడకం వివరాలు వారం వారం కంపెనీకి పంపాలా అని. పంపాలన్నట్టు అందులో ముందే టిక్కు పెట్టి ఉండేది. ఎవరూ చదవరు, నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతారు. కంపెనీ ధైర్యమూ అదే. మొదట్లో హైమావతీ అలాగే నొక్కుకుంటూ పోయింది.

టోవా పాయో పేటలో వీరభద్రరావు గారని, ఓడలకి సామాన్లు సరఫరా చేసే పెద్దాయన. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉండి తెలుగులో కాస్త అరవం కలుపుకున్నాడు. ఒక ఆదివారం ఆయన ఒక్కడే ఆఫీసులో ఉంటే, మోడెం దానంతటదే కీచుమంటూ ఎవరికో ఫోను చేసింది. మర్నాడు హైమావతిని పిలిపించాడు.

“నన్నడక్కుండా నా మెషీను ఎవరితో మాట్లాడుతోందమ్మా?”

“మా కంపెనీతో అంకుల్. మీరు ఏమేం వాడుతున్నారో చెప్తుంది, అంతే. మీ మెయిల్స్ చూడదు.”

“చూడదని నీకు తెలుసు. నాకెవరు చెప్పారు?”

హైమావతికి తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే టిక్కు తీసేసింది. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిచోటా తీసేసింది. ఆఫీసులో చెప్పలేదు, వాడేవాళ్ళకీ చెప్పలేదు. మంచిపనికి చాటింపెందుకనుకుంది.

ఏడాది తిరిగేసరికి మేనేజరు జగన్మోహనరావు మీటింగులో చల్లగా చెప్పాడు, కొత్త వెర్షన్‌లో మెయిల్‌తోపాటు ఇచ్చే ఫ్యాక్సు సదుపాయం ఉండదని.

“రిపోర్టుల్లో ఫ్యాక్సు వాడేవాళ్ళు నలుగురే. నలుగురి కోసం ఎవరు మోస్తారండీ?”

లెక్క ఎక్కడ తప్పిందో హైమావతికి తెలిసిపోయింది. తను తిరిగే ఆఫీసులు చాలావరకు ఆ ఫ్యాక్సు మీదే బతుకుతున్నాయి. వీరభద్రరావు గారికైతే ఓడల ఆర్డర్లన్నీ అందులోనే వస్తాయి. వాళ్ళందరి నోరూ నొక్కేసింది తనే. మీటింగు అవగానే మేనేజరు గదిలోకి వెళ్ళింది.

“సార్, ఆ లెక్క తప్పు. టిక్కు నేనే తీసేశాను. ముప్పై ఎనిమిది ఆఫీసుల్లో.”

“ఎవరు తీయమన్నారు మిమ్మల్ని? కస్టమర్లు అడిగారా?”

“ఒక్కరు అడిగారు సార్.”

“మిగతావాళ్ళు?”

మిగతావాళ్ళని హైమావతి అడగనే లేదు. అడక్కుండా పెట్టారని కంపెనీ మీద మండిపడింది, తనూ అడక్కుండానే తీసేసింది. నిజంగా సిగ్గేసింది.

జగన్మోహనరావు కోపిష్టే గానీ మూర్ఖుడు కాడు. “శుక్రవారంలోగా ముప్పైమంది వాడుతున్నట్టు చూపించండి, ఫ్యాక్సు ఉంచుతాను. లేదంటే ఫ్యాక్సూ ఉండదు, మీ ఉద్యోగం సంగతీ చూడాలి.”

నాలుగు రోజులు రైళ్ళలోనే గడిచాయి. ఏం వెళ్తుందో, ఎందుకో చెప్పి, టిక్కు పెట్టమంటారా వద్దా అని మొదటిసారి అడిగింది. “కెన్ లా, పెట్టేయ్, ఇది కూడా అడగాలా?” అని నవ్వినవాళ్ళే ఎక్కువ. ఫ్యాక్సుతో పనిలేని ఎనిమిదిమంది వద్దన్నారు. వాడే ఇరవై తొమ్మిదిమంది సరేనన్నారు, టిక్కు పెట్టగానే వాళ్ళ మొదటి రిపోర్టులు కంపెనీకి వెళ్ళిపోయాయి. ఇక మిగిలింది వీరభద్రరావు గారు.

అంతా విని ఆయన తల అడ్డంగా ఊపాడు. “వద్దమ్మా. నా మెషీను మాట్లాడకూడదంటే మాట్లాడకూడదు. ఇరు, కూర్చో, కింద కాఫీ కొట్లోంచి కోపీ తెస్తా” అని లేచి వెళ్ళాడు.

గడి ఎదురుగానే ఉంది. ఒక్క నొక్కు. ఆయన ఫ్యాక్సు కోసమే కదా, ఇవాళ పెట్టి రేపు తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? చెయ్యి మౌసు మీదకి పోయింది. వాళ్ళ మంచికే అనుకుని కదా ఆ టిక్కులన్నీ తీసింది! చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన కోపీ కప్పు చేతికిచ్చాక అడిగింది. “మెషీను వద్దు అంకుల్. మీరు ఫ్యాక్సు వాడతారని నేను నోటితో చెప్పొచ్చా?”

“అడిగావుగా. చెప్పు. పేరు కూడా చెప్పు.”

ఆ సాయంత్రం జగన్మోహనరావు ముందు కాగితం పెట్టింది. ముప్పై ఎనిమిది పేర్లు, పక్కన ఎవరేమన్నారో. సర్వర్లు చెప్పినవి ఇరవై తొమ్మిది. చివర చేత్తో రాసిన పేరొకటి.

“ఇదేంటి?”

“ఈయన రిపోర్టు వద్దన్నారు సార్. ఫ్యాక్సు వాడతానని మాత్రం చెప్పమన్నారు.”

ఆయన పెన్ను తీసి, కింద ముప్పై అని రాశాడు. హైమావతి ఊపిరి పీల్చుకుంది గానీ, కదల్లేదు.

“సార్, కొత్త వెర్షన్‌లో ఆ టిక్కు ముందే పెట్టకుండా అడిగి పెడదామా?”

“అడిగితే ఎంతమంది ఒప్పుకుంటారండీ?” అని ఆయన విసుక్కున్నాడు.

హైమావతి ఆ కాగితాన్నే మళ్ళీ ఆయన ముందుకి జరిపి, ఇరవై తొమ్మిది మీద వేలు పెట్టింది.