నాలుగో షెడ్డు పుంజులు

1998 జూన్‌లో నన్ను విశాఖ దగ్గర ఆనందపురం అవతల ఒక ప్రైవేటు బ్రీడర్ ఫారానికి పుంజుల సూపర్‌వైజరుగా వేశారు. అంతకు ముందు అదే కంపెనీ హేచరీలో గుడ్ల ట్రేలు సర్దేవాణ్ణి. పుంజు రెక్కకి బిగించిన బిళ్ల మీద నంబరు చదివి రాయగలిగినవాడికే ఈ పోస్టు. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దాను కాబట్టి దక్కింది. లేకపోతే ట్రేల దగ్గరే ఉండిపోయేవాణ్ణి.

బ్రీడర్ ఫారం అంటే చాలామంది కోళ్ల ఫారం అనుకుంటారు. కాదు. మీరు తినే కోడిని అక్కడ పెంచరు. దాని అమ్మా నాన్నల్ని పెంచుతారు. ఆ గుడ్లు పొదిగించడానికి హేచరీకి పోతాయి, పిల్లలు రైతులకి పోతాయి. మా కంపెనీ ఇంకో మెట్టు పైకెళ్లి సొంతంగా ఒక పుంజుల లైను కట్టుకుంటోంది. లైను అంటే తరం తర్వాత తరం ఏరుకుంటూ పోయే వంశం. పద్ధతి సులువే. పిల్లలకి ఆరు వారాలు నిండగానే మగవాటన్నిటినీ కాటా మీద పెడతాం. అందరికంటే బరువు తూగిన కొన్నిటిని ఉంచుతాం, తక్కినవి మాంసానికి పోతాయి. ఉంచినవి పెద్దయ్యాక పెట్టలతో కలుపుతాం. వాటి పిల్లల్ని మళ్లీ కాటా ఎక్కిస్తాం. నేను వెళ్లేసరికే చాలా తరాలు అలా గడిచాయి. పుంజు రొమ్ము చూస్తే తలగడలా ఉండేది.

మాది భీమవరం వైపు. మా నాన్న పందెం జాతి పుంజుల్ని పెంచి ఇచ్చేవాడు. ఆయనకి కాటా లేదు. పుంజు కంటే దాని తల్లిని ఎక్కువ చూసేవాడు. పడుచు పుంజుని నాలుగు పెట్టల మధ్య వదిలి, చుట్ట కాలుస్తూ అరుగు మీద కూర్చునేవాడు. పెట్టని పొడిచినదాన్ని ఎంత మంచి రంగైనా ఉంచేవాడు కాదు. పెట్ట మీదికి పోయేది రేపు మన పిల్లాడి కంటి మీదికి పోతుందనేవాడు. ఈ సంగతి మా మేనేజరుతో ఒకసారి అంటే నవ్వాడు. ఆయనది కృష్ణా జిల్లా, ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనులు చేయించి ఇటు వచ్చినవాడు. "మీ గోదారోళ్లు కోడికి జాతకం కూడా చూస్తారంటగా. ఇక్కడ జాతకం అదిగో," అని కాటా చూపించాడు. నేనూ నవ్వాను. జీతం ఇచ్చేది కాటాయే కదా.

ఆ ఏడు వానలు మొదలయ్యాక నాలుగో షెడ్డులో పెట్టలు చావడం మొదలైంది.

కోళ్లు చావడం వింత కాదు. పొద్దున్నే షెడ్డు తిరిగి చచ్చినవాటిని ఏరి, లెక్క రాసి, గోతిలో వెయ్యడం రోజువారీ పని. ఎండకి చస్తాయి, గుడ్డు అడ్డం తిరిగి చస్తాయి. ఇవి అలా లేవు. గోడ మూలల్లో, గుడ్ల గూళ్ల కింద, తల దూర్చుకుని పడి ఉన్నాయి. రెక్కల కింద తోలు జానెడు పొడవున చీలిపోయి ఉంది. మెడ వెనక ఈకలు లేవు, ఎర్రటి మాంసం కనిపిస్తోంది. నేను చిన్నప్పటి నుంచి కోడి రక్తం చూసినవాణ్ణి. అయినా మొదటి రోజు ఆ పెట్టని తిరగేసినప్పుడు చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

మేనేజరు చూడగానే ముంగిస అన్నాడు. ముంగిస వచ్చిందంటే తలుపు సరిగ్గా పడలేదు. తలుపు పడలేదంటే సన్యాసమ్మ.

సన్యాసమ్మ నాలుగో షెడ్డు పనిమనిషి. మేత వెయ్యడం, గుడ్లు ఏరడం, సాయంత్రం నాలుగింటికి ముందే తలుపు బిగించి వెళ్లడం ఆమె పని. మొగుడు ఉక్కునగరంలో తాపీ పని, వారానికోసారి బస్సులో వచ్చి పోయేవాడు. ఆమెకి ఫారం వెనక కంపెనీ గది ఇచ్చారు. ఉద్యోగం పోతే గది పోతుంది. ఇద్దరు ఆడపిల్లలు ఆ గదిలోంచే బడికి పోతున్నారు.

మేనేజరు అందరి ముందూ అడిగితే ఆమె తల దించలేదు. "గడియెట్టాను, పైన తాడు కూడా కట్టాను బాబూ. నాను కట్టిన ముడి పొద్దున్న ఇప్పింది ఈ గోదారన్నియ్యే. ఏటన్నియ్యా, నోట్లో నీళ్లెట్టుకున్నావేటి?" అంది నా వైపు తిరిగి. నిజమే, ముడి నేనే విప్పాను, కట్టింది కట్టినట్టే ఉందని చెప్పాను. ముడి తెల్లారాక కూడా వెయ్యొచ్చన్నాడు మేనేజరు. శనివారం దాకా చూస్తాను, ఆ తర్వాత ఇంకో మనిషిని పెట్టుకుంటాను అని వెళ్లిపోయాడు.

వారానికి రెండుసార్లు ఫారానికి వచ్చే డాక్టరమ్మ పేరు ఎస్తేరు. విశాఖలోనే పుట్టి పెరిగిన పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. చచ్చిన పెట్టని కోసి చూసి, "ముంగిస అయితే గొంతు పట్టుకుంటుంది, రక్తం తాగుతుంది, ఎంతోకొంత తింటుంది. ఇందులో ఒక్క ముక్క తిన్న గుర్తు లేదు," అంది. మరి పుంజేమో అని అనుమానంగా అడిగింది. కాదన్నాను. పుంజు గాయం నాకు తెలుసు. పుంజు ఎదురొచ్చి కొడుతుంది, రొమ్ము మీద, తల మీద, కంటి మీద. ఇవి వెనక నుంచీ పై నుంచీ పడ్డ గాయాలు. పైగా పుంజు పుంజుని చంపుతుంది గానీ పెట్టని చంపదు. ఇది ఎవర్నడిగినా చెప్తారన్నాను. సాయంత్రం నాలుగు తర్వాత షెడ్డులో ఎవరుంటారని ఆమె అడిగింది. ఎవరూ ఉండరు. గుడ్లు ఏరడం అయిపోతుంది, తలుపు వేసేస్తాం, మళ్లీ పొద్దున్నే. "అయితే ఇవాళ మనం ఉందాం సూర్యనారాయణ గారూ," అంది.

మేత బస్తాల చాటున చెరో బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాం. రేకుల మీద సన్నగా చినుకులు. మనుషుల అలికిడి పోయాక కోళ్లు సర్దుకున్నాయి. పొద్దు వాలే వేళే పుంజులు పెట్టల్ని కలుస్తాయి. ఆ మాట ఆమె చదువుకుని తెలుసుకుంది, నేను చూసి తెలుసుకున్నాను.

మామూలు పుంజు పెట్టని చేరడానికి ఒక వరస ఉంటుంది. ఒక రెక్క నేలకి వాల్చి, పక్కగా అడుగులేస్తూ పెట్ట చుట్టూ తిరుగుతుంది. గింజ కనపడితే తను తినకుండా క్కొక్కొక్కొ అని పిలిచి పెట్ట ముందు వదులుతుంది. పెట్టకి ఇష్టమైతే కూర్చుంటుంది, లేకపోతే తప్పుకుంటుంది. పల్లెలో పుట్టినవాడికి ఇది చెప్పక్కర్లేదు.

మా పుంజు ఒకటి అవతలి గోడ దగ్గర నుంచి లేచింది. రెక్క వాల్చలేదు. పిలవలేదు. తిన్నగా పరిగెత్తుకొచ్చి వెనక నుంచి పెట్ట మీద పడింది. పెట్ట అరుస్తూ గూళ్ల కిందికి దూరింది. పుంజు దాన్ని మెడ పట్టి బయటికి లాగింది. అంత బరువుతో మీదెక్కితే దాని గోళ్లు జారి పెట్ట రెక్కల కింద దిగాయి. పెట్ట కదలడం మానేసినా అది దిగలేదు. ఇంకో పుంజు వచ్చి అదే పెట్ట తల మీద పొడవడం మొదలెట్టింది. షెడ్డు ఆ చివర ఇదే, ఈ చివర ఇదే. పెట్టలన్నీ గోడలకి అతుక్కుని నిలబడ్డాయి, ఒక్కటీ మధ్యలోకి రాలేదు. మేత తొట్లు మధ్యలో ఉన్నాయి.

నేను లేచి వెళ్లి ఆ పుంజుని కాలితో తోశాను. దానికి నేనున్నట్టే లేదు. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. పందెం బరిలో పేగులు బయటపడ్డ పుంజుల్ని చూశాను. అక్కడ రెండూ తెగించి నిలబడ్డవే. ఇక్కడ ఒకదానికి పారిపోవడానికి దారి లేదు, ఇంకోదానికి తనేం చేస్తోందో తెలీదు.

మేనేజరుకి చెప్తే నమ్మలేదు. డాక్టరమ్మతో ఆయన ముందే నేను అన్న మాట నాకు అప్పజెప్పాడు. "పుంజు పెట్టని చంపదని నువ్వే అన్నావుగా. ఆ మనిషి మీద జాలేసి మాట మారుస్తున్నావా?" అన్నాడు. ఆయనకి కళ్లారా చూపిస్తే తప్ప లాభం లేదు. పందెం జాతి పుంజుని పక్కన పెట్టి చూపిద్దామన్నాను. బయటి కోడిని బ్రీడర్ ఫారంలోకి తేకూడదు, రోగాలు పాకుతాయి. అందుకని మా కోళ్లనే బయటికి పంపడానికి డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఒకసారి గేటు దాటిన కోడి మళ్లీ లోపలికి రాదు.

శుక్రవారం సాయంత్రం ఆనందపురం జంక్షన్‌లో టీ కొట్టు అప్పన్న పెరట్లో కలిశాం. అప్పన్న దగ్గర ఒక ముసలి డేగ పుంజు ఉంది, ఒంటి కన్నుది, పందేలు మానేసింది. సన్యాసమ్మ గంపలో ఆరు పెట్టల్ని మోసుకొచ్చింది, నేను నాలుగో షెడ్డు పుంజునొకదాన్ని ఇంకో గంపలో తెచ్చాను. మేనేజరు ముక్కుకి రుమాలు పెట్టుకుని నిలబడ్డాడు. అప్పన్న నన్ను చూసి, "ఏటి బావా, పెద్ద పెద్దోళ్లందరినీ తెచ్చీసినావు, మా డేగకి పెళ్లి సూపులా?" అన్నాడు.

డేగని వదిలాం. దాని నీడ పడగానే మా పెట్టలు గోడకి కరుచుకుపోయి తలలు దాచుకున్నాయి. డేగ ఆగింది. దగ్గరికి పోలేదు. నేల గీరి, ఒక నూక గింజ ముక్కుతో ఎత్తి కింద వదిలి పిలిచింది. ఏ పెట్టా కదల్లేదు. మళ్లీ పిలిచింది. రెక్క వాల్చి ఒక చుట్టు తిరిగింది, మళ్లీ దూరంగా వెళ్లి పిలిచింది. చాలాసేపటికి మెడ వెనక పుండున్న పెట్ట ఒకటి మెల్లిగా వచ్చి, గింజ తిని, గబుక్కున వెనక్కి పోయింది. కత్తి కట్టి ఎన్ని పుంజుల్ని చంపిందో ఆ డేగ, పెట్ట దగ్గర అడుగు తొందరపడలేదు.

డేగని తీసేసి మా నాలుగో షెడ్డు పుంజుని వదిలాం. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మెడ వెనక పుండున్న పెట్టనే పట్టుకుంది. ఈసారి దాన్ని లాగి పక్కన పడేసింది మేనేజరే. ఆయన తెల్లచొక్కా మీద రక్తం పడింది. రుమాలు ఎక్కడో జారిపోయింది. "ఇది మనం పెంచిందేనా?" అని నన్నడిగాడు. రెక్కబిళ్ల తిప్పి నంబరు చదివాను. మనదేనన్నాను. ఆ ఏడు మా లైనులో అందరికంటే బరువు తూగిన పుంజు అది.

సన్యాసమ్మ గంప ఎత్తుకుంటూ, "గడియ నాను ఎయ్యలేదన్నారు కదా బాబూ. ఇప్పుడు ఈ పుంజుకి ఏటి గడియేత్తారో ఎయ్యండి," అంది. మర్నాడు శనివారం ఆమె మామూలుగానే షెడ్డు తలుపు తీసింది.

ఎలా జరిగిందో తర్వాత డాక్టరమ్మా నేనూ కూర్చుని తేల్చుకున్నాం. ఆరు వారాల పిల్ల పుంజుకి పెట్ట సంగతి తెలీదు. రెక్క వాల్చే వయసు ఇంకా చాలా దూరం. మేం ఏరేది ఆ వయసులో, ఏరేది బరువు ఒక్కటే చూసి. పెట్టతో మర్యాదగా ఉండే రక్తం ఏ తరంలో, ఏ గంపలో మాంసానికి పోయిందో ఎవరికీ తెలీదు. షెడ్డంతా తిరిగి చూస్తే రెక్క వాల్చే పుంజులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాటిలో ఒక్కటీ కాటా మీద మొదటి వరసలోది కాదు.

పుంజుల్ని తగ్గించాం. పెట్టలు దాక్కోడానికి పలకలు అడ్డం కట్టాం. సాయంత్రం షెడ్డులో మనిషి ఉండాలని రూలు పెట్టారు, ఆ పని సన్యాసమ్మకే ఇచ్చారు. చావులు తగ్గాయి, ఆగలేదు. పెద్దయిన పుంజుల్ని నడత చూసి రెండోసారి ఏరతానని అడిగితే ఒక్క షెడ్డుకి ఒప్పుకున్నారు. ఆ షెడ్డు పిల్లలు కాటా మీద కొంచెం వెనకబడ్డాయి. పై ఆఫీసు వాళ్లకి అది నచ్చలేదు, తక్కిన షెడ్లలో పాత పద్ధతే నడిచింది. ఇప్పుడెలా ఏరుతున్నారో నాకు తెలీదు.

నేను నేర్చుకున్నది ఇంతే. మా నాన్నకి తెలిసింది ఆయన పుంజుల సంగతి. దాన్ని పట్టుకుని నేను పుంజులన్నీ అంతేనని చెప్పేశాను. మనిషి ఏరుతూ పోతే జాతి మారిపోతుంది, పాత పేరుతోనే తిరుగుతుంది. కాటా అడిగినదానికే జవాబు చెబుతుంది. పెట్ట దగ్గర పుంజు ఎలా ఉంటుందని మేం దాన్ని అడగలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ ఒక్క షెడ్డులో ఉంచేవాటి లెక్కలో ఏ పుంజు నంబరూ, పొద్దువాలే వేళ దాన్ని పెట్టల మధ్య చూడకుండా రాయలేదు.