ఎర్రమట్టి దారుల్లో మా ఆంటీ

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం అమెరికాలో మేం మొదట ఉన్న ఎడారి ఊరు చాండ్లర్ నుంచి అంకుల్ ఫోన్ చేశారు. మామూలుగా ఆయన ముందు ఇప్పుడు మేముండే ప్లేనోలో వానలెలా ఉన్నాయో అడుగుతారు, తర్వాత మా అమ్మాయి చదువు గురించి. ఆ రోజు ఏమీ అడగలేదు. "ఆంటీ పోయిందమ్మా. నిద్రలనే పోయింది" అన్నారు. నేను ఫోన్ పట్టుకుని గరాజ్ మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. చాండ్లర్‌లో ఉన్నప్పుడు మా పక్కింటి ఆంటీ. పెళ్ళయిన కొత్తలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి, అక్కడే ఆస్పత్రి ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. సెలవు దొరికితే చాలు, తన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో నీళ్ళ డబ్బాలు, టెంటు, చిన్న గ్యాస్ స్టవ్వు వేసుకుని, తారు రోడ్డు అయిపోయిన చోట మొదలయ్యే దారుల్లోకి వెళ్ళిపోయేవారు. అరవైకి దగ్గరపడిన తెలుగావిడ ఎడారిలో టెంటు వేసుకుని పడుకుంటుందంటే మనవాళ్ళ పార్టీల్లో నవ్వుకునేవారు. ఆ నవ్వులు ఆమె చెవిన పడేవి. "వాళ్ళు కూడ ఒక్కసారి వస్తే బాగుండు" అనేవారు, అంతే.

నేను చాండ్లర్ వచ్చింది 2005లో, డిపెండెంట్ వీసా మీద. మా ఆయన పొద్దున్నే కంప్యూటర్ చిప్ ఫ్యాక్టరీకి వెళ్ళిపోతే, సాయంత్రం దాకా ఇంట్లో నేనూ ఏసీ చప్పుడూ. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. డ్రైవింగ్ రాదు. మా ఆయన రెండు వారాలు నేర్పించి, రెండు వారాలూ నన్ను ఏడిపించి, ఆ ప్రయత్నం మానేశారు. నెమ్మదిగా నేను పగలు కూడా కిటికీల బ్లైండ్స్ తెరవడం మానేశాను. ఎవరితోనూ చెప్పలేదు. చెప్పుకోదగ్గ కష్టం ఏముందని?

ఒక రోజు చెత్త డబ్బా బయట పెడుతుంటే, ఆంటీ డ్రైవ్‌వేలో బండి కడుగుతూ కనబడ్డారు. చక్రాల కింద నుంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి.

"డ్రైవింగ్ వచ్చా బిడ్డా?"

"రాదండీ. నాకు భయం."

"దేనికి భయం?"

"ఎవరినైనా గుద్దేస్తానేమోనని."

"అయితే గుద్దటానికి ఎవ్వరు లేని కాడికి పోదాం పా" అన్నారు.

ఆ శనివారం నన్ను ఊరవతలకి తీసుకెళ్ళారు. కనుచూపు మేరా మట్టి, ముళ్ళపొదలు, దూరంగా నిలబడ్డ కాక్టస్‌లు. రోడ్డు దిగగానే ఆమె కిందికి వంగి నాలుగు టైర్లలోనూ గాలి తీయడం మొదలుపెట్టారు.

"గాలి పోతే ఎలా ఆంటీ?"

"గట్టిగుంటే ఇసుకల దిగబడ్తది. మెత్తగ చేస్తే పరుచుకొని పోతది. మళ్ల రోడ్డెక్కేటప్పుడు పంపు పెట్టి కొట్టుకుందాం."

తాళాలు నా చేతిలో పెట్టి, పక్క సీట్లో కూర్చుని పల్లీలు వలుచుకోవడం మొదలుపెట్టారు. నేను ఎన్నిసార్లు ఇంజిన్ ఆపేసినా తల ఎత్తలేదు. ఒకసారి పొదలోకి పోనిచ్చాను. "ఆ పొద నిన్నేమనలే, నువ్వు దాన్నేమనకు. ఎనకకు తియ్యి" అన్నారు. అమెరికా వచ్చాక నేను కడుపారా నవ్వింది ఆ రోజే.

అలా ఆమెతో తిరగడం అలవాటైంది. మా ఆయన మొదట్లో గొణిగారు కానీ, నేను తిరిగొచ్చాక అన్నం తింటూ కబుర్లు చెప్పడం చూసి ఆయనే నీళ్ళు చల్లగా ఉంచే కూలర్‌లో ఐసు నింపి ఇచ్చేవారు. ఆంటీ పద్ధతులు ఆంటీవి. ఎక్కడికి వెళ్తున్నామో, ఏ దారిన తిరిగొస్తామో అంకుల్‌తో రెండుసార్లు చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించుకునేవారు. చీకటి పడ్డా ఫోన్ రాకపోతే ఆయన అక్కడి పోలీసు అధికారి షెరిఫ్ ఆఫీస్‌కి కాల్ చేయాలి. నీళ్ళు అవసరానికి రెట్టింపు. దారి అనుమానంగా కనబడితే బండి ఆపి, దిగి, ముందు నడిచి చూడాల్సిందే. "కండ్లకు తెల్వదు, కాళ్ళకు తెలుస్తది" అనేవారు. టెంటు తీసేశాక ఆ చోటంతా ఒకసారి తిరిగి, మనది కాని చెత్త కూడా ఏరి సంచీలో వేసేవారు. ఎవరో తాగి పడేసిన బీరు సీసాల్ని సైతం తిట్టకుండా ఏరిన మనిషిని నేను ఆమెనే చూశాను.

ఒక సెప్టెంబర్ ప్రయాణం గురించి మీకు చెప్పాలి. ఉటా సరిహద్దు దగ్గర, ఎర్ర రాళ్ళ మధ్య ఒక మిట్ట మీద మకాం వేశాం. మామూలుగా ఆంటీతో పనిచేసే నర్సు తన బండిలో తోడు వచ్చేది. ఆమెకి డ్యూటీ పడడంతో మేమిద్దరమే వెళ్ళాం. మర్నాడు పొద్దున ఆంటీ రాళ్ళ మీద కాలు జారి పడ్డారు. కుడి మణికట్టు చూస్తుండగానే వాచిపోయింది. ఫోన్లకి సిగ్నల్ లేదు. నా చున్నీతో చెయ్యి మెడకి కట్టుకుని, "సామాను సర్దు. బండి నువ్వే తోలాలె" అన్నారు.

నేను అంతవరకూ చదునైన దారుల్లోనే నడిపాను. వచ్చేటప్పుడు దారిలోని రాతి మెట్లన్నీ ఎక్కించింది ఆమె. చిన్న లివర్ లాగి నాలుగు చక్రాలకీ బలం అంది బండి నెమ్మదిగా కదిలేలా పెట్టించి, "బ్రేకు తొక్కకు, బండే దిగుతది. నువ్వు దారి చూపు, చాలు" అంటూ ఒక్కో రాయీ దాటించారు. బండి కుదిపినప్పుడల్లా ఆమె పెదవి కొరుక్కోవడం నాకు తెలుస్తూనే ఉంది.

తారు రోడ్డు ఇంకా దూరంగా ఉండగా ఒక వాగు దాటాలి. ముందు రోజు పొడి ఇసుకలో దాటిందే. ఇప్పుడు దాని నిండా కాఫీ రంగు నీళ్ళు, కొట్టుకుపోతున్న కొమ్మలు. మా మీద చినుకు పడలేదు. ఎగువన ఎక్కడో కురిసి ఉంటుంది. పక్కకి చూస్తే ఆంటీ ముఖం పాలిపోయి ఉంది. ఆమెని ఎంత త్వరగా ఆస్పత్రికి చేరుద్దామా అని నా ఆత్రం.

"లోతు ఎక్కువ లేదేమో ఆంటీ. దాటేద్దామా?"

"స్టీరింగ్ నీ చేతిలుంది బిడ్డా. దిగి చూసి నువ్వే చెప్పు. నువ్వేది చెప్తే అదే" అన్నారు.

నేను దిగి ఒడ్డు దాకా వెళ్ళాను. నా కళ్ళ ముందే ఒడ్డు ముక్క ఒకటి విరిగి నీళ్ళలో పడింది. మనిషి తల కంటే పెద్ద రాళ్ళు దొర్లుతున్న చప్పుడు అడుగు నుంచి వినిపిస్తోంది. వెనక్కి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది.

"ఆగుదాం ఆంటీ. మీకు నొప్పిగా ఉందని తెలుసు. కానీ నేను దింపలేను."

"మంచిది. బండిని ఒడ్డుకు దూరంగ ఆ మిట్ట మీదికి ఎక్కించు. చాయ్ పెట్టు" అన్నారు.

మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాం. ఆమె ఎడమ చేత్తో చాయ్ తాగుతూ, అమెరికా వచ్చిన కొత్తలో తానూ పగలు కర్టెన్లు మూసుకుని కూర్చున్న సంగతి చెప్పారు. నా కిటికీలు మూసి ఉండడం చూసే ఆ రోజు పలకరించారట. ఆమె బాగున్న చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పొద్దు వాలే వేళకి నీళ్ళు తీశాయి. నేను కర్రతో పొడుచుకుంటూ అవతలి ఒడ్డు దాకా నడిచి, గట్టి చోటు చూసుకుని, తిరిగొచ్చి బండి దాటించాను. రోడ్డెక్కేసరికి షెరిఫ్ బండి ఎదురొచ్చింది. అంకుల్ చీకటి పడేదాకా ఆగలేకపోయారు, ముందే ఫోన్ చేసేశారు. అందులోంచి దిగిన డెప్యూటీ ఆంటీ చేతిని చూసి, "బండి ఎవరు నడిపారు?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు. "మై డ్రైవర్" అని నన్ను చూపించారు ఆమె, ఎంతో గర్వంగా.

మణికట్టు అతుక్కుంది. నేను మాత్రం మునుపటిలా లేను. వీసా మారాక చదువుకున్నాను, ఉద్యోగంలో చేరాను, మా ఆయనకి ప్లేనోలో ఉద్యోగం వస్తే దారంతా సగం నేనే డ్రైవ్ చేశాను. వీటన్నిటికీ ఆంటీయే కారణమంటే ఆమె ఒప్పుకునేవారు కాదు. "నేను పక్కన కూర్చొని పల్లీలు తిన్న, అంతే" అనేవారు.

అంత్యక్రియలకి వెళ్ళినప్పుడు అవి జరిగే హాలు పార్కింగ్ నిండా మట్టి కొట్టుకున్న బండ్లు. పట్టుచీరల ఆంటీల పక్కన హైకింగ్ బూట్లతో వచ్చిన అమెరికన్లు నిలబడ్డారు. అంకుల్ నా తల మీద చెయ్యి వేసి, "నీ గురించి అందరికి చెప్పేది" అన్నారు.

చివరిసారి ఆమెని చూసింది పోయిన వసంతంలో. ఆమె తన బండిలో, నేను అద్దెకి తీసుకున్న జీపులో, ఎడారి పూలు చూడడానికి వెళ్ళాం. ఇరుకైన కొండ దారి, ముందు గుడ్డి మలుపు. నన్ను ఆగమని కిటికీలోంచి చెయ్యి ఊపి, ఆమె ముందుకు పోనిచ్చారు. బండి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. లేచిన ఎర్ర దుమ్ము ఎండలో అలాగే నిలిచింది, దాని అవతల ఏముందో తెలియకుండా. నేను ఇంజిన్ ఆపి చెవులు రిక్కించి కూర్చున్నాను. కాసేపటికి కొండ అవతల నుంచి, దారి బాగుంది రమ్మని, ఆమె హారన్ ఒక్కసారి మోగింది.