నాలుగు గంటల వణుకు

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. అమరచింతలో నా ఒట్టుకు విలువ లేదని నాకూ తెలుసు. దయ్యాల కథలు అల్లి జనాన్ని భయపెట్టేవాణ్ణి. చెప్పడమే గానీ ఏనాడూ ఒక్క దయ్యాన్నీ నమ్మలేదు.

అప్పుడు మా చెల్లెలి కూతురు సుజాత కడుపుతో ఉంది. రోజంతా ఎండలో, పత్తిచేలో పని. కల్లు కడుపుకు చలువ అని మా ఇళ్లలో అందరూ ఇస్తారు. సాయంత్రం నాలుగింటికల్లా దుకాణం నుంచి సీసా తెచ్చేది నేనే. అందులో మత్తుమందు కలుపుతారని ఊరంతటికీ తెలుసు. నాకూ తెలుసు.

"మామా, నువ్వు గడప తొక్కంగనే పొట్టల తన్నుడు బందైతది సూడు" అనేది. ఇంకా మూత తియ్యకముందే.

"నా లెక్కనే ఉన్నదే, వాసనకే పండుకుంటది" అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

గద్వాల దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. నర్సు అరికాలు మీద తట్టింది. తడిగుడ్డలా వేలాడింది.

"నిద్రమాత్రలు గిట్ల ఏమన్న ఏసుకున్నదా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏం లేదమ్మా" అంది మా చెల్లెలు.

నేను వెంటనే కల్లు సంగతి చెప్పాను.

"తల్లి తాగిన మందు బొడ్డుపేగుల నుంచి బిడ్డకు పోతది పెద్దాయనా. తల్లికి అలవాటైతే బిడ్డకు గూడ అయితది. పుట్టినంక అది దొరకక వణుకుతది" అందామె. కోపంగా కూడా అనలేదు.

రెండో రోజు నుంచి వణుకు. చేతులు, గడ్డం, ఆగని సన్నటి ఏడుపు. మొదలయ్యేది సరిగ్గా నాలుగింటికి. మూడు రోజులూ గోడ గడియారం చూశాను. వణుకుకు డాక్టరమ్మ దగ్గర కారణం ఉంది. ఆ వేళకు లేదు.

పిల్ల బతికింది. ఇప్పుడు మూడేళ్లు. ఆ ఇంట్లో ఇప్పుడెవరూ తాగరు. అయినా రోజూ నాలుగింటికి ఆట ఆపేసి, గడప మీద కూర్చుని నా చేతులకేసి చూస్తుంది. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎందుకో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

కల్పించింది ఒకటుంది. డాక్టరమ్మకు వెంటనే చెప్పానన్నాను కదా, అది. ఆమె అడిగినప్పుడు నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. చెప్పింది నాలుగో రోజున, మూడో వణుకు కూడా చూశాక.