బటువాకు మూడు గళ్ళు

బేగంబజార్‌లో ఒక సేటు సంచుల దుకాణంలో సరుకు కొలిచి, లెక్కపెట్టి పంపించడం నా పని. కిందటేడు పరదేశం నుంచి ఆర్డరు వచ్చింది. చీటీల మీద ప్రతి సంచి పేరూ స్పానిష్, ఇటాలియన్, ఫ్రెంచ్ భాషల్లో ఉండాలన్నారు. ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న మూడు పాత నిఘంటువులే నా బడి.

ఏడు రకాల సంచులు, మూడు భాషలు. ఇరవై ఒక్క గళ్ళు గీశాను. ముందు సంచిని కొలిచి, తర్వాత మాట వెతకడం నా పద్ధతి: మూతి ఎన్ని వేళ్ళు, లోపల ఎంత పడుతుంది, భుజానికా చేతికా. గోనెసంచి ఏ భాషలోనూ ఏడిపించలేదు: సాకో, సాక్కో, సాక్. కూరగాయల సంచికి బోల్సా, స్పోర్తా, కబా.

బటువా దగ్గరే తప్పు చేశాను. తాళ్ళు లాగితే ముడుచుకునే ఆ చిన్న గుడ్డసంచి మూతి నాలుగు వేళ్ళు. చిల్లర పర్సుదీ నాలుగు వేళ్ళే. కొలత కలిసిందని రెండింటికీ అవే మాటలు రాసేశాను: మోనెదేరో, బోర్సెల్లీనో, పోర్త్‌మొనే. సేటు చూసి, అచ్చుకు ఇమ్మన్నాడు.

మరునాడు హుస్సేనీ ఆలం నుంచి బటువాలు కుట్టి తెచ్చిన ఆమెకు ఆ మాటల అర్థం చెప్పాను. పకపకా నవ్వింది.

"గిండ్ల చిల్లరనా? అన్నా, నీ పెండ్లిల చుట్టాలకు చిల్లర పంచినవా ఏంది? వక్క, ఇలాచీ పోసి చేతిల పెడ్తరు గదా!"

నిజమే. పెళ్ళిళ్ళలో ఎన్ని బటువాలు అందుకున్నానో! ఖాళీది ఒక్కటీ లేదు. మూతి కొలిచానే గాని, లోపల ఏముంటుందో చూడలేదు. మళ్ళీ నిఘంటువులు తిరగేశాను. వక్క పోసి చుట్టాల చేతిలో పెట్టే సంచికి నాకు మాట దొరకలేదు. మూడు గళ్ళూ కొట్టేసి, మూడింటిలోనూ 'బటువా' అనే రాశాను. కింద, అది దేనికో చెప్పే ఒక్క వాక్యం, ఆయా భాషల్లో.

సేటు కాగితం విసిరికొట్టాడు. "ఏంది ఈ లొల్లి? బటువా అంటే వాళ్ళకేం సమజైతది?"

"కింద చదువుకుంటరు సేట్. పర్సు పరదేశం మాట, బ్యాగూ గంతే. మనం మోస్తలేమా? మనది ఒక్కటి వాళ్ళు మొయ్యరా?"

"డిగ్రీ లేదు, పొగరు మస్తుంది! మాల్ వాపస్ వస్తే?"

"వచ్చిన దినమే నీ దుకాణం మెట్లు దిగి పోత. తప్పు నేను చేసిన, నేనే దిద్దుత."

కాగితం నేనే అచ్చు దుకాణానికి పట్టుకెళ్ళాను. అచ్చు వేసే అతను గళ్ళ మీద వేలు పెట్టాడు. "అన్నా, మూడిట్ల ఒక్కటే మాట పడ్డది. మరిచినవా?"

"మరువలే. ఉన్నదున్నట్టు కొట్టు."

మాల్ వెళ్ళి ఆరు నెలలైంది. నేనింకా ఆ మెట్లు ఎక్కుతూనే ఉన్నాను.