మా ఆయన మాల వేసుకున్న ఏకాదశి

పోయిన ఆదివారం పొద్దున పదింపావుకు, కరీంనగర్ బస్టాండులో నిర్మల్ బస్సు కోసం నిలబడి ఉండగా గోడకు అంటించిన ఒక కాగితం నా కంట పడింది. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని గనుక ఎక్కడ రాత కనబడినా చదవకుండా పోలేను. తాగుడు మానాలనుకునేవాళ్లు వారానికోసారి కూర్చొని మాట్లాడుకునే చోటు, వేళ అందులో రాసి ఉన్నాయి. అడుగున చిన్న అక్షరాలతో ఇంటివాళ్లు కూడా రావచ్చని ఉంది. ఆ ఒక్క వరుస చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయి, వచ్చిన బస్సును కూడా చూసుకోలేదు. నా యీడు ఆడవాళ్లకు ఆ మంట ఏమిటో తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను.

హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో మేము నిర్మల్‌లో బొమ్మలు చేసుకొని బతికేవాళ్లం. పొనికి కర్ర చెక్కడం, రంగులు వేయడం ఆయన పని, చింతగింజలు నానబెట్టి రుబ్బి ఆ ముద్దను బొమ్మలకు పూయడం నా పని. సారా తాగి తాగి చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన చిలుకకు కన్ను పెడితే ముక్కు మీద పడేది, అందుకని కళ్లు పెట్టే సన్నకుంచె నా చేతికి వచ్చింది. నేను పెట్టిన కళ్లే బాగున్నాయని కొనేవాళ్లు అన్నారు కూడా. మా తొలిచూలు బిడ్డ మూడేళ్లకు జ్వరంతో పోయిన నాడు ఆయన సారా దుకాణంలోనే ఉన్నాడు, బిడ్డను మా అన్న ఎత్తుకుపోయి మట్టి చేసి వచ్చాడు. ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఏనాడూ మాటగా రాలేదు. తరువాత ఆరేళ్లపాటు నేను బతిమాలాను, తిట్టాను, వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కాను. ఆయన మానలేదు.

చివరికి ఆయన తాగుడు మానిన చోటును వెతికి పట్టుకున్నది నేనే, ఇది మాత్రం మరిచిపోకండి. మా వాడకు గాజులు అమ్మడానికి వచ్చే ముసలామె తన కొడుకు తాగుడు మానాడని చెబితే ఎట్లా మానాడో చెప్పేదాకా ఆమెను లేవనీయలేదు. మరాఠీ దేశం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయన ఇంట్లో ప్రతి ఏకాదశికి తాగుడు మానినవాళ్లు కూడుతారట. మెడలో తులసిమాల పడ్డాక ఇక ముట్టరాదు. ఆ మాల వేసుకునే ముందు, తాగుడు వల్ల చేసిన తప్పును అందరి ముందు నోరు విప్పి చెప్పుకోవాలట. నేను మూడు వాడలు తిరిగి ఆ ఇల్లు కనుక్కొని, తొలి ఏకాదశి పొద్దున ఆయనను ముందు నడిపించి, దారిలో దుకాణం వైపు తిరగకుండా వెనకాలే నడిచాను.

గడప దగ్గర పెద్దాయన నన్ను ఆపాడు. "నువ్ బయట కూసో బిడ్డా. ఆడోళ్లుంటే గీళ్లు నిజం చెప్పరు."

మట్టిగోడకు ఆనుకొని కూర్చున్నాను. లోపల మా ఆయన బిడ్డ సంగతి చెప్పాడు. బిడ్డ పోయిందన్న కబురు దుకాణం దాకా వచ్చిందని, విని కూడా ఇంకో గ్లాసు తాగి అక్కడే కూర్చున్నానని చెప్పాడు. కబురు అందిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన ఏడుస్తుంటే వాళ్లందరూ ఏడ్చారు. ఆ ఏడుపు నాది. ఆరేళ్లు నేను ఒక్కదాన్నే మోసినదాన్ని ఆయన తీసుకుపోయి ముక్కూ మొహం తెలియని మగవాళ్లకు పంచాడు.

ఆ పొద్దే మాల వేసుకొని ఆయన మానాడు. వాడకట్టంతా నా అదృష్టమే అదృష్టమన్నారు. రెండు నెలల్లో చెయ్యి కుదురుకొని, "జర ఇటియ్యి" అని నా చేతిలోని సన్నకుంచె తీసుకున్నాడు, మళ్లీ ఇవ్వలేదు. ఏకాదశి వస్తే తన ధోవతి తానే ఉతుక్కొని పండుగకు పోయినట్టు పోయేవాడు, నవ్వుతూ తిరిగి వచ్చేవాడు. ఆ నవ్వు ఇంట్లోకి వచ్చేసరికి ఆరిపోయేది. సవతి ఉన్నా ఇంత కుళ్లుకునేదాన్ని కాదేమో.

కార్తీక ఏకాదశికి ముందు రోజు నేనొక పని చేశాను. సారా దుకాణానికి పోలేక, ఈతకల్లు ఒక లోటా నిండా తెచ్చి ఆయన అన్నం పళ్లెం పక్కన పెట్టాను. తాగమన్నాను. నాకోసం మాని ఉంటే ముట్టవు, వాళ్లకోసం మాని ఉంటే వాళ్లు ఇక్కడ లేరు కదా అన్నాను.

ఆయన ఆ లోటాను చూశాడు. చెయ్యి మెడలోని మాల మీదికి పోయింది.

"నీకోసం మానాల్ననే ఆరేండ్లు చూసిన. నీ మొకం చూస్తే బిడ్డ యాదికొచ్చేది, మళ్ల పోయి తాగేది. వాళ్ల మొకాలల్ల బిడ్డ లేదు," అన్నాడు.

లేచి కల్లు మోరీలో పారబోసి, లోటా కడిగి తెచ్చి నా చేతికిచ్చి, అన్నం తిన్నాడు. పోయేదాకా మళ్లీ తాగలేదు. ఆయన చెప్పింది నిజమని అప్పుడే తెలిసింది, తెలిసినా నా కుళ్లు పోలేదు, ఇప్పటికీ ఉంది. ఇప్పటి ఆడవాళ్లు మొగుడి పక్కన కూర్చొని అన్నీ వినవచ్చునట, అతనితో పాటే ఏడవవచ్చునట. మా ఆయన పోయి కూడా చాలా యేళ్లయింది, ఆ కాగితం ఇప్పుడు నాకెందుకు?

ఆ తొలి ఏకాదశి నాడు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. ఇంటి పెద్దాయన, గాజులామె కొడుకు, సాలెవాడ అన్నదమ్ములిద్దరు, బండి తోలే ముసలాయన, మా ఇంటాయన. ఆయన మాటల్లో మా బిడ్డ. గోడకు ఇవతల నేను.