తనిఖీ కోసం దాచిన గ్లౌజులు

మా పెద్దమాలి పోయాడన్న కబురు నాకు ఫోన్‌లో వచ్చింది. పొద్దున ఏడున్నర అయింది. గడ్డి కోసే మెషిన్లు ఇంకా షెడ్డులోంచి బయటికి తీయలేదు. "సారూ, కాక లేడు. ఇప్పుడే పాణం పోయింది" అని మాతో పనిచేసే లచ్చవ్వ ఆసుపత్రి నుంచి ఏడుస్తూ చెప్పింది. ఆయన వీపుకు తగిలించుకునే మందు పంపు నా పక్కనే గోడకు ఆనించి ఉంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

కరీంనగర్ శివారులో ఒక కాలేజీ ఆవరణ మాది. చెట్లు, లాను, కంచెలు, దారుల పక్క గడ్డి అంతా చూసుకునే కాంట్రాక్టు మనుషులకు నేను సూపర్‌వైజర్ని. మాలీలు ఎనిమిది మంది. వాళ్లందరికీ ఆయన పెద్ద. ఊరు జమ్మికుంట వైపు. అందరూ కాకా అనేవాళ్లు, నేనూ అంతే. ఆయన మాత్రం నలుగురిలో నన్ను సారూ అనేవాడు, ఇద్దరమే ఉంటే బిడ్డా అనేవాడు.

గడ్డి మెషిను ఆన్ చేసే ముందు కాక చేతిలో కట్టె పట్టుకుని నేలంతా ఒకసారి తిరిగేవాడు. కంకరరాళ్లు, సీసా పెంకులు, తెగిన తీగముక్కలు ఏరి సంచిలో వేసేవాడు. అరగంట అలా పోయేది. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఉండబట్టలేక "ఏం పోగొట్టుకున్నవ్ కాకా, గంటనుంచి వెతుకుతున్నవ్?" అన్నాను.

"నీ కన్నే వెతుకుతున్న సారూ" అన్నాడు తల ఎత్తకుండా. "రాయి ఎగిరి తాకినంక వెతుకుడు కంటె గిప్పుడే వెతికితె నయం గదా."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఆయన ఏరుతుంటే గడియారం చూసుకోవడం కొంచెం తగ్గించాను, అంతే.

గడ్డిమందు కొట్టే రోజైతే ఇంకా చాదస్తం. ఎండుటాకు ఒకటి అరచేతిలో నలిపి పైనుంచి వదిలేవాడు. పొడి ఎటు పోతే గాలి అటు. "మందుకు గడ్డేందో మనిషేందో తెల్వది. గాలి ఎటు తీస్కపోతె అటే పోతది" అనేవాడు. మూతికి తడి తువ్వాల కట్టుకుంటే ఊరుకునేవాడు కాదు, తడిబట్ట మందును పీల్చుకుని మూతికే పూస్తుందని గుంజేసేవాడు. యూరియా సంచిలోని ప్లాస్టిక్ పొర కోసి, పాతచీర అంచులు తాళ్లుగా కుట్టి, పంపు మోసే వాళ్ల వీపులకు తానే కట్టేవాడు. చిన్నపిల్లలకు అంగీ తొడిగినట్టు వెనక నిలబడి ముడి వేసి, ఒకసారి గుంజి చూసేవాడు.

ఎందుకింత భయమని అడిగితే చెప్పాడు. "వయసుల ఉన్నప్పుడు పత్తికి మందు కొట్టి చేన్లనే పడ్డ బిడ్డా. మా అవ్వ మంచంల ఏస్కొని తెచ్చింది. కండ్లు తెరిచి చూస్తె నా అంగీ పట్టుకొని ఏడుస్తాంది. అప్పుడే అనుకున్న, నా పక్కన పనిచేసేటోనికి గిట్ల కావద్దని."

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఆయన్ని పొగిడితే అది ఆయనకు చేసే అవమానం.

పెద్ద అధికారులు తనిఖీకి వస్తున్నారని ఒకసారి డబ్బాల నిండా కొత్త సామాను వచ్చింది. గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కులు, బూట్లు, వీపుకు వేసుకునే రబ్బరు కోట్లు. అందరికీ తొడిగించాం, రిజిస్టరులో సంతకాలు పెట్టించాం. ఫొటోలు నేనే తీశాను. కాక మాస్కును గడ్డం కిందికి లాగి నవ్వుతూ నిలబడ్డాడు. ఒకటి తీశాక చూసుకుని, "మాస్కు మీదికి గుంజు కాకా" అన్నాను.

"మొఖం కనవడకపోతె ఎట్ల సారూ?"

"కనబడాల్సింది మాస్కు, నీ మొఖం కాదు."

మళ్లీ తీశాను. అధికారులు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు, వెళ్లారు. సాయంత్రం సామానంతా వాపసు తీసుకుని, తుడిచి, మడతపెట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. రోజూ వాడితే ఖరాబవుతాయి, మళ్లీ తనిఖీ వస్తే ఏం చూపిస్తామని పైవాళ్లు అన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. మన ఇళ్లలో కొత్త దుప్పటి చుట్టాల కోసం దాచినట్టే దాచాను.

తరువాత వారమే కాక వచ్చి అడిగాడు. "జర గా బీరువ తీస్తవా బిడ్డా? ఇయ్యాల మందు కొట్టుడుంది."

"ఖరాబైతయి కాకా" అన్నాను.

ఆయన నవ్వాడు. "అవ్వి మంచిగుండాలె. మనమేమన్న ఖరాబైతమా?" అని వెళ్లిపోయి యూరియా సంచి కట్టుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

మొన్న జూన్‌లో ఒక ముఖ్య అతిథి వస్తున్నాడని దారుల పక్క గడ్డంతా చంపేయమన్నారు. మందు పంపు పట్టడం లచ్చవ్వకు అదే మొదటిరోజు, ఆమెకు వీపు సంచి లేదు. కాక తనది విప్పి ఆమెకు కట్టాడు. తరువాత తన పంపు ఎత్తి చూసి నా దగ్గరికి వచ్చాడు. "పంపుల వాషరు పోయింది సారూ, అడుగుకెల్లి మందు కారుతాంది. రేపు కొత్తదేసి కొడుదం."

"రేపు పొద్దుగాలనే వస్తుండు కాకా ఆయన. ఈ ఒక్కపూట ఎట్లన్న సర్దుకో."

నా నోరు పడిపోను! ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది. బీరువా పది అడుగుల దూరంలో ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. కాక ఒక క్షణం నా మొహంలోకి చూసి పంపు వీపుకెత్తుకున్నాడు. గంటకు ఆయన అంగీ వీపంతా తడిసి కనిపించింది. చెమట అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెమటే అయి ఉండాలని కోరుకుని ముందుకు నడిచాను.

మూడోరోజుకు వీపు మీద బొబ్బలు లేచాయి. తరువాత ఆయాసం మొదలైంది. మందు తోలు గుండా ఒంట్లోకి దిగిందని డాక్టరు చెప్పాడు. చూడటానికి పోతే, ముక్కుకు గొట్టంతో, ఒక్కో మాటకు ఆగుతూ అడిగాడు: "లచ్చవ్వకు ఏం గాలే గద బిడ్డా?" ఏం కాలేదన్నాను. కళ్లు మూసుకున్నాడు. నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది, నాకు కొంత భారం దిగేది.

ఆయన పోయిన నాలుగో రోజు ఆఫీసులో నా ముందు ఒక కాగితం పెట్టారు. రక్షణ సామగ్రి ఇచ్చాం, సంతకం చేసి తీసుకున్నాడు, వాడలేదు, కనుక ఇది అతని సొంత నిర్లక్ష్యం అని రాసి ఉంది. కింద నేను సంతకం పెట్టాలి. నిర్లక్ష్యమట! ఆ మనిషికి! నేలంతా తిరిగి మా కళ్ల కోసం రాళ్లేరిన మనిషికి! కానీ నేను అక్కడికక్కడే కాదనలేకపోయాను. నాకూ పెళ్లాంపిల్లలున్నారు, ఉద్యోగం పోతుందని భయం వేసింది. రెండు రోజులు గడువు అడిగి బయటికి వచ్చాను.

ఆ మరునాడే వాళ్లింటికి వెళ్లాను. గోడ మీద దండ వేసిన ఫొటో నేను తీసిందే. గ్లౌజులు, కళ్లద్దాలు, మూతికి మాస్కు. "ఆఫీసర్ లెక్కున్న గదా అని తనే పెద్దది చేపించి తెచ్చుకున్నడు" అంది చిన్నమ్మ, కాక భార్య. కొంతసేపు దాన్నే చూసి నన్ను అడిగింది. "గివన్ని ఉన్నయి గదా బిడ్డా. మరి గా దినం ఎందుకు ఏస్కోలే?"

"నా దగ్గరున్నయి చిన్నమ్మా. నేనే బీరువల పెట్టి తాళమేసిన. అడిగిండు, ఇయ్యలే."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఫొటోకేసి చెయ్యి చూపి అంది. "గా మూతికున్నది ఫొటోల తీసెయ్యొస్తదా? మొఖం ఒక్కపారి చూసుకుంట."

రాదని చెప్పాను. మాస్కు గడ్డం కిందికి లాగి నవ్విన మొదటి ఫొటో పనికిరాదని ఆ రోజే ఫోన్‌లోంచి తీసేశాను. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను.

తెల్లారి ఆఫీసుకు పోయి ఆ కాగితం మీద ఉన్నదంతా కొట్టేసి, నా చేత్తో రాసి సంతకం పెట్టాను: ఇచ్చిన సామాను తనిఖీ అయిన సాయంత్రమే తిరిగి తీసుకున్నాం, అడిగినా ఇవ్వలేదు, పంపు కారుతోందని చెప్పినా పని ఆపలేదు, తాళం నా దగ్గరే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని నాకు తెలుసు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలియదు. బీరువా తెరిచి సామానంతా మాలీలకు పంచాను. లచ్చవ్వ కొత్త కోటు పక్కన పెట్టి ఆ యూరియా సంచే కట్టుకుంటానంది. రెండూ వేసుకోమన్నాను.

కాక ఇంటికి వెళ్లిన ఆ రోజు, గడప దిగుతూ వెనక్కి తిరిగి చూశాను. చిన్నమ్మ స్టూలెక్కి కొంగుతో ఫొటో అద్దం తుడుస్తోంది. అద్దమంతా వదిలేసి, మాస్కు ఉన్న చోటే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.