కడిగిన చేతికే బెల్లం

ఉప్పల్‌లో మా వీధి చివర కిరాణా కొట్టతను బెల్లం దిమ్మను రాయితో కొడతాడు. ఆ మొద్దు చప్పుడు వెంటే తడి తీపి వాసన రోడ్డు దాకా వస్తుంది. నా నోట్లో నీళ్లూరవు. నాలుక తనంతట తానే చిగుళ్ల మీదికి పోయి, పై వరుసా కింది వరుసా తడిమి వస్తుంది. అప్పుడు భిక్షపతి అన్న గుర్తొస్తాడు.

రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు నాచారంలో, బ్యాటరీలకు సీసం పలకలు పోసే ఒక చిన్న కార్ఖానాలో తూకాల దగ్గర చేరాను. తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ని. పదో తరగతితో చదువు ఆగిపోయింది; శాతాలూ సగటులూ తూకం ముల్లు చూస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. మా షిఫ్టుకు పెద్ద భిక్షపతి అన్న. జనగామ వైపు మనిషి, భార్య పోయాక దమ్మాయిగూడలో ఒక్కడే ఉండేవాడు. యంత్రాల రొదలో ఎవరి కేకా వినబడేది కాదు గానీ, ఆయన రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేస్తే షెడ్డు ఆ చివరి మనిషి కూడా తల తిప్పేవాడు. నేను చేరిన రోజు, "ఏంది తమ్మీ, మా బరువులు సూడనీకి ఆంధ్రా నుంచి వచ్చినవా? జర ఎక్కువనే సూపియ్యి" అని పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఎవరూ తెలియని నన్ను మధ్యాహ్నం తన పక్కన కూర్చోబెట్టుకుని, తన జొన్నరొట్టెలో సగం తుంచి పెట్టాడు.

షిఫ్టు అయిపోగానే మనిషికో బెల్లం ముక్క ఇవ్వడం అక్కడి అలవాటు. మింగిన దుమ్మును బెల్లం కడుపులోకి దింపేస్తుందని అందరి నమ్మకం. ఆ ముక్కలు తుంచి పంచేది భిక్షపతి అన్నే. కుళాయిలు గేటు పక్కన ఉండేవి, బస్సు తప్పిపోతుందన్న తొందర ఉండేది. అందుకని బూడిదరంగు అరచేతుల్లో పడ్డ బెల్లం అలాగే నోట్లోకి పోయేది. అందరూ చప్పరించి మింగేస్తే, ఆయన మాత్రం బుగ్గన పెట్టుకుని దమ్మాయిగూడలో దిగేదాకా కరిగించేవాడు. "ఇంట్ల ఎవలున్నరు తమ్మీ? తొవ్వల తోడు గిదే" అనేవాడు.

మొదట ఆయన డబ్బాలోంచి రొట్టె మాయమైంది. మజ్జిగన్నం వచ్చింది. అడిగితే, "పండ్లు జివ్వుమంటున్నయి" అన్నాడు. నాకు లెక్క వేసే జబ్బుంది కాబట్టి భోజనాల వరుసంతా గమనించడం మొదలుపెట్టాను. అచ్చులు పోసే వైపు కూర్చునేవాళ్లలో రొట్టె మానేసినవాళ్లు ఇంకొందరున్నారు. సామాను కట్టే గదివాళ్లు తంబాకు నములుతూ కూడా రొట్టె తింటున్నారు. ఇంత కొద్దిమందిని చూసి ఏదీ తేల్చకూడదని నాకు తెలుసు. తేల్చలేదు గానీ, నిద్ర పట్టేది కాదు. ఒకరోజు ఆయన వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు, ఈల రాలేదు, గాలే వచ్చింది. మళ్లీ ఊదాడు. ముందరి పన్ను కదులుతోంది, వేలికి రక్తం అంటింది. అప్పటినుంచి ఇనుప గొట్టం మీద రాడ్డుతో కొట్టి మనుషుల్ని పిలిచేవాడు. మాట్లాడేటప్పుడు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకునేవాడు. వాసన వస్తోందని పక్కన కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే జరిగిపోయారు.

బతిమాలి ఉప్పల్‌లో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చిగుళ్ల అంచున నీలంగా ఉన్న గీతను అద్దంలో ఆయనకే చూపించింది. "ఇది సీసం గుర్తు. రక్త పరీక్ష చేయించండి. చిగుళ్ల జబ్బుకు కారణాలు చాలా ఉంటాయి: తంబాకు, సరిగా తోమకపోవడం. సీసం కూడా దాన్ని పెంచి ఉండొచ్చు" అంది. ఎంత భాగం సీసానిదని అడిగాను. అలా విడదీసి చెప్పలేమంది.

బస్‌స్టాపులో ఆయన తన అరచేతుల్నే చూసుకుంటూ నిలబడ్డాడు. "తమ్మీ, గీ చేతులతోనే గదా అందరికి పంచిన?"

"అన్నా, మీరు తంబాకు కూడా వేసేవారు. ఈ జబ్బులో దుమ్ము వాటా ఎంతో, బెల్లం వాటా ఎంతో తెలియకుండా వాళ్లకు ఏమని చెప్తారు?"

"భాగాలు నువ్వు తర్వాత తీయి. ముందుగాల చేతులు గడగనీ."

మర్నాడు బెల్లం గిన్నెతో కుళాయి దగ్గర నిలబడ్డాడు. చేతులు కడిగి, నోరు పుక్కిలిస్తేనే ముక్క. "ఏందే మామా, పెండ్లిపిలగాండ్లమా మేము? బస్సు వోతది, ఇయ్యరాదు!" అన్నాడొకడు. వేళ్లు తడిపి చెయ్యి చాచినవాణ్ని తల అడ్డంగా ఊపి వెనక్కి పంపాడు. "పండ్లూసిపోయినోనికి బెల్లం మీద పెత్తనం సూడున్రి!" అని వాడంటే వరుసంతా గొల్లుమంది. తువ్వాల చాటున ఆయన ముఖం నాకు కనబడలేదు. గిన్నె మాత్రం కదల్లేదు. కొన్నాళ్లకు కుళాయి దగ్గర వరుస కట్టడం అందరికీ అలవాటైంది.

ఆయన రక్తంలో సీసం ఎక్కువగా ఉందని తేలింది. కార్ఖానావాళ్లు విశ్రాంతి అన్నారు, తర్వాత పనికి పిలవనే లేదు. ముందరి పళ్లు పోయాయి. ఓ ఆదివారం దమ్మాయిగూడ వెళితే, పప్పులో నానబెట్టిన రొట్టె పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నాడు. నాకూ వడ్డించాడు. ముద్ద ఎత్తి ఆగిపోయి, "జర అటు తిరుగు తమ్మీ" అన్నాడు. తిరిగాను. కాసేపటికి ఆయన వీపు నా వీపుకు ఆనింది. అలాగే తిన్నాం ఇద్దరం. ఆయన నమలడం నాకు వినబడలేదు, వీపుకు తెలిసింది. తర్వాత ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయాడు. ఎటు వెళ్లాడో చెప్పగలిగిన పొరుగువారే లేరు.

ఆ కుళాయి నీళ్లు ఎందరి చిగుళ్లను కాపాడాయో నేను లెక్కగట్టలేను. నేను ఉన్నంతకాలం అచ్చుల వైపు ఇంకెవరూ రొట్టె మానలేదు. దానికి వేరే కారణాలూ ఉండొచ్చు. నేనూ ఇప్పుడు ఒక్కణ్నే. తెచ్చుకున్న బెల్లం పొట్లం విప్పకుండా పక్కన పెట్టి, మోచేతుల దాకా చేతులు కడుక్కుంటాను. రొట్టె పళ్లెంలో పెట్టుకుని కూర్చుంటాను. వెనక గోడ ఉంటుంది. చల్లగా ఉంటుంది. దానికే వీపు ఆనించి, మెల్లగా నములుతాను.